చారుకు ముందు పెరుగు

అనగనగా పొన్నకోట అనే రాజ్యం. ఆ ఊరి జనానికి పంటలు బాగానే పండేవి, వానలు వేళకే కురిసేవి. కోపం తెచ్చుకోవడానికి సరైన కారణం దొరక్క పాపం చాలా ఇబ్బంది పడుతుండేవారు. అలాంటి రోజుల్లో గవరమ్మ చారుకు ముందు పెరుగు వడ్డించింది.

రాజుగారి పుట్టినరోజు సంతర్పణ అది. గవరమ్మ కోట వంటశాలలో వడ్డన చేసే మనిషి. బంతిలో కూర్చున్న ఒక ముసలి బాటసారి పండుమిరపకాయల పచ్చడి, కొరివికారం, కలుపుకొని మొదటి ముద్ద తినగానే గిలగిల్లాడిపోయాడు. చారు రావడానికి ఇంకా ఆలస్యముంది. గవరమ్మ పెరుగు కుండ తెచ్చి అతని విస్తట్లో రెండు గరిటెలు వేసింది.

పక్క విస్తరివాడు చూశాడు. మధ్యాహ్నానికి అంగడివీధిలో, గవరమ్మ చారే వడ్డించలేదన్నారు. పొద్దువాలేసరికి చారు నేలపాలు చేసి రాజుగారిని తిట్టిందన్నారు. సంతర్పణ గడప తొక్కనివాళ్ళకు అందరికంటే ఎక్కువ కోపం వచ్చింది. ఇంట్లో పిల్లలకు పెరుగన్నమే ముందు పెట్టే తల్లులు కూడా తెల్లారేసరికి గరిటెలతో పళ్ళేలు మోగిస్తూ కోట ముందుకొచ్చారు. ఒకాయన న్యాయం జరిగేదాకా గడ్డం గీయించుకోనని ఒట్టేశాడు. ఆయనకు గడ్డం మొలిచేదే అంతంతమాత్రం.

రాజు రణధీర భూపతి మేడమీద నుంచి చూసి పొంగిపోయాడు. అంత జనం ఆయన కోసం ఎన్నడూ రాలేదు.

"ప్రజల ఆగ్రహమే మా ఆగ్రహం," అన్నాడు మీసం దువ్వుతూ. "రేపు భోజనాలయ్యాక ఆ గవరమ్మను పొలిమేర దాటిస్తాం."

కొలువులో చమత్కారాలు చెప్పి బతికే తిప్పనకు ఆ మాటతో కాలు నిలవలేదు. ఉత్తరీయం కొసను మెలిపెడుతూ వసారాలో అటూ ఇటూ తిరిగాడు, చివరికి వంటశాలకు పోయాడు. గవరమ్మ పొయ్యి దగ్గర కూర్చుని మూట కడుతోంది.

"ఎందుకు చేశావక్కా?"

"కళ్ళెంట నీళ్ళు కారిపోతుంటే చూడలేకపోయాను బాబూ. కుండ చేతికందింది, వేసేశాను. ఈ వయసులో ఎక్కడికి పోను? నాకెవరున్నారు?"

తిప్పన మూలనున్న జాడీ వైపు చూశాడు. "ఆనాటి కొరివికారం ఇదేనా?" అని అడిగి, ఆమె తలూపగానే గిర్రున తిరిగి రాజు దగ్గరకు పరుగెత్తాడు.

"ప్రభూ, తప్పేమిటో జనం చూశారు. ఒప్పేమిటో ఎవరు చూపిస్తారు? శిక్ష అమలు చేసేముందు తమరే అందరి ముందూ కూర్చుని, క్రమం తప్పకుండా భోంచేసి చూపించండి. ఆనాటి పదార్థాలే, ఆనాటి వరుసే."

"భేష్. మాకంటే క్రమం తెలిసినవాడెవడు?" అన్నాడు రాజు.

మర్నాడు కోట ముంగిట్లో పెద్ద విస్తరి పరిచారు. జనం మెడలు సాచి చూస్తున్నారు. రాజు కొరివికారం వేయించుకున్నాడు. నలుగురూ చూస్తున్నారు కదా అని మరికాస్త వేయించుకుని, వీరుడిలా పెద్ద ముద్ద మింగాడు.

ముందు చెవులు ఎర్రబడ్డాయి. తర్వాత ముక్కు. నీళ్ళు తాగితే మంట ఇంకా ఎగిసింది.

"చారేది?" అన్నాడు రాజు.

"మరుగుతోంది ప్రభూ," అన్నాడు తిప్పన.

"పెరుగు..."

"చారు రాకుండా ఎలా ప్రభూ? జనం చూస్తున్నారు."

రాజు కళ్ళెంట ధారలు. మీసం మీదుగా కారి విస్తట్లో పడుతున్నాయి. జనంలో ఒక్క గరిటె మోగలేదు. ఎవరూ కదల్లేదు. భటుల మధ్య నిలబడ్డ గవరమ్మ మాత్రం ఆగలేకపోయింది. వాళ్ళను తోసుకుని పోయి, కుండ తెచ్చి, రాజు విస్తట్లో పెరుగు వేసేసింది. రాజు గరిటెను కూడా వదల్లేదు.

ఊపిరి తిరిగాక ఆయన తిప్పన వైపు చూశాడు. "నలుగురిలో నన్ను ఏడిపించావు గదరా."

"నేను కాదు ప్రభూ, ఆ పచ్చడి. మొన్న ముసలాయన్నీ అదే ఏడిపించింది. మనందరం ఆయన విస్తరి వైపు చూశాం. గవరమ్మ ఆయన మొహం చూసింది."

తల పోతుందో ఉంటుందో తెలియక తిప్పన ఉత్తరీయం మెలిపెడుతూనే నిలబడ్డాడు. రాజు కాసేపు ఖాళీ కుండ వైపు చూశాడు. తర్వాత మెల్లగా నవ్వడం మొదలెట్టి, పొట్ట పట్టుకుని నవ్వాడు. గవరమ్మను వడ్డనకు పెద్దను చేసి, తన శాలువా తీసి తిప్పనకు కప్పాడు.

శాలువా మడత ఇంకా సర్దుకోకముందే వీధి మలుపులో గరిటెల మోత మళ్ళీ లేచింది. రాజుగారంతటివారు పెరుగే ముందు తిన్నారు కనుక, ఇకమీదట చారు ముందు వడ్డించేవాళ్ళను పొలిమేర దాటించాలని కేకలు. గడ్డం ఒట్టాయన అందరికంటే ముందున్నాడు.

"ఇప్పుడేం చేద్దాం తిప్పనా?" అన్నాడు రాజు.

"ఏముంది ప్రభూ, భోజనానికి పిలుద్దాం. జాడీలో ఇంకా సగం ఉంది."