కింది తొట్టి మీద బొట్టు

ప్రొద్దుటూరులో ఓబుళమ్మ అని ఒక గురువమ్మ ఉండేది. ఒకరోజు పొద్దున్నే శిష్యుడు చెన్నకేశవులు వచ్చి ఆమె ఎదుట కూర్చున్నాడు.

"అమ్మా, ఇల్లు విడిచిపెట్టి ఆశ్రమంలో ఉండిపోదామని ఉంది. అనుమతి ఇయ్యండి."

"ఇంట్లో ఏమొచ్చింది నాయనా?"

"ఏమీ రాలేదు. నాకిప్పుడు ఎవరి అవసరమూ లేదు, అంతే. ధ్యానంలో ఎంతసేపు కూచున్నా మనసు కదలడంల్యా. మా ఇంట్లో చేపలతొట్టి మాదిరి. తెచ్చినప్పటి నుంచి నేను చుక్క నీళ్లు పోసింది లేదు, అది వేలెడు తగ్గింది లేదు!"

అబ్బో, ఎంత గొప్ప! ఓబుళమ్మ మాత్రం నవ్వలేదు. "అట్లాంటి తొట్టిని నేనూ చూడాల" అని చెప్పులేసుకుంది.

తొట్టి నిజంగానే ముచ్చటగా ఉంది. నీళ్లు అంచు దాకా ఉన్నాయి. కానీ దాని కింద చెక్క అల్మారాలోంచి ఒకటే గరగర.

"ఈ గోలేంది?"

"నిన్నటి నుంచి ఇంతేనమ్మా. మోటారు చెడినట్టుంది. మెకానిక్కును అడిగితే రేపంటాడు. ఈలోగా అది కాలిపోయిందంటే చేపలు బతకవు." అంటూ తొట్టి చుట్టూ రెండుసార్లు తిరిగాడు. కదలని మనసు చేపల కోసం బాగానే కదిలింది.

ఓబుళమ్మ వంగి అల్మారా తలుపు తీసింది. లోపల ఇంకో చిన్న గాజుతొట్టి. పైనుంచి గొట్టంలో దిగే నీళ్లు అందులో పడతాయి, మోటారు వాటిని మళ్లీ పైకి తోస్తుంది. ఆ కింది తొట్టిలో నీళ్లు అడుగంటి, మోటారు గాలి పీలుస్తోంది.

"పైన నిండుగానే ఉండాయి కదమ్మా!"

"పైన ఎప్పుడూ నిండుగానే ఉంటాయి. ఆవిరయ్యేకొద్దీ తగ్గేది కింద."

తొట్టి పక్కన మూత పెట్టిన బకెట్టు, దానిమీద బోర్లించిన చెంబు ఉన్నాయి. కింది తొట్టి గాజు మీద, మధ్యకు కాస్త పైన, ఎర్రటి స్టిక్కర్ బొట్టు అంటించి ఉంది. ఆ చెంబు వంటింట్లోది. ఇక్కడికెలా వచ్చిందో చెన్నకేశవులుకు తెలియలేదు.

"నీళ్లు పొయ్యి" అంది ఓబుళమ్మ.

పోశాడు. నీళ్లు బొట్టును తాకేసరికి గరగర ఆగిపోయింది. ప్రాణం లేచొచ్చింది అతనికి. పనిలో పనిగా నిండా పోసేద్దామని ఇంకో చెంబు ఎత్తాడు. ఓబుళమ్మ మణికట్టు పట్టుకుంది.

"బొట్టు దాకానే."

"ఇంకా జానెడు ఖాళీ ఉంది కదమ్మా?"

ఆమె మోటారు స్విచ్చి ఆపేసింది. కరెంటు పోతే ఆగినట్టే మోటారు ఆగింది. పైతొట్టిలో నీళ్లు గొట్టాల్లోంచి కిందికి దిగాయి. కింది తొట్టి నిండుతూ నిండుతూ సరిగ్గా అంచు దగ్గరికొచ్చి ఆగింది. నేల మీద చుక్క పడలేదు. అతను నిండా పోసుంటే హాలంతా మడుగయ్యేది. ఓబుళమ్మ మళ్లీ స్విచ్చి వేసింది.

చెన్నకేశవులు ఆ బొట్టు వైపే చూస్తూ ఫోన్ తీశాడు. భార్య నాగరత్న, తన తమ్ముడింట్లో పెళ్లిపనులకని మైదుకూరు వెళ్లి వారమైంది.

"కింది తొట్టిలో నీళ్లు నువ్వేనా పోస్తాండేది?"

"అయ్యో, తగ్గిపోయినాయా? చేపలు బాగుండాయా?"

"బాగుండాయి. నాకెందుకు చెప్పలేదు?"

"ఊరికి పొయ్యేటప్పుడు చెప్దామనే వస్తి. నువ్వు కండ్లు మూసుకోనుంటివి. నేను నోరు తెరిస్తే చెయ్యెత్తి వద్దంటివి కదా."

అతనికి ఆ చెయ్యెత్తడం గుర్తొచ్చింది. "నీ పుణ్యాన బతికినాయి రత్నా" అన్నాడు చివరికి. "చేపలే కాదు."

అవతల ఆమెకేమీ అర్థం కాలేదు. "అన్నం తిన్నావా?" అని అడిగింది.

ఫోన్ పెట్టి కళ్లు తుడుచుకుని, గురువు కాళ్లకు మొక్కబోయాడు. ఓబుళమ్మ కాళ్లు వెనక్కి తీసుకుంది.

"నాకెందుకులే. పొద్దున ఏదో అనుమతి అడిగితివే?"

చెన్నకేశవులు చెంబు బకెట్టు మీద బోర్లించాడు.

"మైదుకూరు బస్సు ఎన్నింటికమ్మా?"