సువార్తమ్మ దాటేసిన మాట

అడిగిన ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పడం దేవదానం అయ్యగారికి అలవాటు లేదు. శిష్యుడు నోరు తెరిచి అడిగినదాన్ని పక్కన పెట్టి, అడగకుండా మింగిన ప్రశ్న ఏదో ఉంటుందే, దానికి చెప్పేవారు. అందుకే మా బైబిలు శిక్షణ బడిలో ఆయన్ని ఏదైనా అడగాలంటే ఒకటికి రెండుసార్లు ఆలోచించేవాళ్ళం. ఫిలేమోను ఆలోచించలేదు.

క్రిస్మస్ ఇంకా పది రోజులుందనగా ఒక మధ్యాహ్నం అయ్యగారు వరండాలో కూర్చుని నక్షత్రం కోసం వెదురు బద్దలు చీలుస్తున్నారు. నేను పక్కన మైదా జిగురు కలుపుతున్నాను. ఫిలేమోను వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

“అయ్యగారూ, ఒకటో తారీఖు నుంచి రోజుకో అధ్యాయం చొప్పున లూకా సువార్త చదువుతున్నానండి. తెల్లవారుజామునే లేచి ప్రార్థన కూడా చేస్తున్నాను. అయినా గుండెలో ఏమీ కదలడం లేదు. పండక్కి హృదయం సిద్ధపడాలంటే ఏ అధ్యాయం చదవమంటారు?”

ప్రశ్న బాగానే ఉంది. అడిగినవాడి సంగతి కొంచెం చెప్పాలి. ఫిలేమోను మా అందరిలో పెద్దవాడు, నాలుగేళ్ళుగా చదువుతున్నవాడు, వాక్యం అడిగితే పుస్తకం తెరవకుండా చోటు చెప్పగలవాడు. మా బడిలో క్రిస్మస్ ఉదయం ప్రసంగం ఏటా ఒక విద్యార్థికి ఇస్తారు. ఈ ఏడు తనకేనని అతనూ అనుకున్నాడు, మేమూ అనుకున్నాం. అయ్యగారు దాన్ని జూన్‌లో చేరిన తిమోతికి ఇచ్చారు. ఆ రోజు నుంచి ఫిలేమోను తిమోతి పక్కన అన్నానికి కూర్చోవడం మానేశాడు. తిమోతికి అదేమీ పట్టలేదు. “అన్నా, నీ లూకా నోట్సు పుస్తకం రెండు రోజులు ఇవ్వవా?” అని అడిగాడు కూడా. నాలుగేళ్ళు కూర్చుని, ప్రతి వాక్యానికీ వివరం రాసుకున్న పుస్తకం అది. ఎక్కడో పోయిందన్నాడు ఫిలేమోను. పోలేదు. అతని ట్రంకుపెట్టెలో, దుప్పటి కింద, తాళం వేసి భద్రంగా ఉంది. ఈ సంగతి నాకు తెలుసు. అయ్యగారికి కూడా తెలుసని మాత్రం నాకు తెలియదు.

అయ్యగారు బద్దను కంటికి ఆనించి వంకర ఉందేమో చూసుకున్నారు. ఏ అధ్యాయమో చెప్పలేదు. ఈ కింది సంగతి చెప్పారు.

సముద్రం దగ్గర ఒక పల్లె. అయ్యగారు కుర్రతనంలో పాస్టరుగా వెళ్ళిన మొదటి సంఘం అక్కడిదే. ఆ సంఘంలో ఒక ఆచారం ఉంది. క్రిస్మస్ ఉదయం ప్రభువు పుట్టిన అధ్యాయాన్ని, అంటే లూకా రెండో అధ్యాయాన్ని, పుస్తకం చూసి చదవరు. ఎవరో ఒకరు మందిరంలో బల్ల ముందు నిలబడి, కైసరు చక్రవర్తి ఆజ్ఞ దగ్గర మొదలుపెట్టి గొర్రెల కాపరులు తిరిగి వెళ్ళేదాకా, చూడకుండా చెప్పాలి. ఊళ్ళో అక్షరమ్ముక్క వచ్చినవాళ్ళు లేని రోజుల్లో మొదలైన ఆచారం అది. తర్వాత ఊరికి చదువులొచ్చినా ఆచారం పోలేదు.

పందొమ్మిదేళ్ళుగా ఆ బల్ల ముందు నిలబడుతున్నది సువార్తమ్మ. అంతకుముందు ఆమె తల్లి. సువార్తమ్మకు భర్త పోయాడు, పిల్లలు లేరు. ఏడాదిలో మిగతా రోజుల్లో ఆమె ఉందో లేదో పట్టించుకునేవాళ్ళు తక్కువ. ఆ ఒక్క ఉదయం మాత్రం ఊరంతా ఆమె నోటివైపే చూసేది. తెల్లచీరకు వారం ముందే గంజిపెట్టి, మడిచి, పరుపు కింద పెట్టుకునేది. నిజం చెప్పాలంటే ఆమె ఆ ఉదయం కోసమే బతికేది.

ఆ ఏడు ఆమెకు దగ్గు పట్టుకుంది. గొంతు బొంగురుపోయింది. ఎందుకైనా మంచిది, ఇంకొకరిని కూడా సిద్ధం చేద్దామన్నారు సంఘ పెద్దలు. సువార్తమ్మ పక్కింటి కోడలు నాగమణి నేర్చుకుంటానంది. ఆ పిల్ల బాప్తిస్మం పుచ్చుకుని రెండేళ్ళు కూడా కాలేదు. రొయ్యల షెడ్డులో పనిచేస్తుంది. అక్షరం రాదు. పండగ ముందు ఆదివారం ఇద్దరూ చెప్పాలి, తప్పు లేకుండా చెప్పినవాళ్ళు పండగనాడు నిలబడాలి అని పెద్దలు తేల్చారు. మరి అక్షరం రానిదానికి చదివి వినిపించేదెవరు? అందరూ సువార్తమ్మ వైపు చూశారు. కాదంటే బాగుండదు గనుక ఆమె సరేనంది.

నాగమణి షెడ్డు నుంచి ఇంటికి కూడా పోకుండా సువార్తమ్మ గుమ్మం ముందుకు వచ్చేది.

“లోపలికి రామాక. ఒంటినిండా రొయ్యల కంపు. ఆ మెట్టు మీద కూర్చో” అనేది సువార్తమ్మ.

నాగమణి కూర్చునేది. మొదటి సాయంత్రం నాలుగు వాక్యాలు విని, విన్నవి విన్నట్టు అప్పజెప్పింది. “ప్రజాసంఖ్య అంటే ఏందత్తా?” అని అడిగింది. జనాభా లెక్కలని సువార్తమ్మ చెప్పింది. “ఓ, అదా! మా షెడ్డుకీ వచ్చి రాసుకుపోయారులే” అని నవ్వింది నాగమణి.

సువార్తమ్మకు ఒళ్ళు మండిపోయింది. తను చిన్నతనంలో తల్లి చేత మొట్టికాయలు తిని, మూడు నెలలు కిందా మీదా పడి పట్టుకున్న అధ్యాయాన్ని నిన్నగాక మొన్న వచ్చిన ఈ పిల్ల రొయ్య తల గిల్లినంత తేలిగ్గా పట్టేస్తోంది. దానికి తోడు ఆ గొంతు. దగ్గు లేదు, వణుకు లేదు. మర్నాడు ఆ పిల్ల చెబుతుంటే వీధిలో పోతున్న ఇద్దరు ఆగి విన్నారు. వాళ్ళు ఆగడం సువార్తమ్మ చూసింది. ఆ పూట ఆమెకు అన్నం సహించలేదు.

మూడో సాయంత్రం, మరియమ్మ బిడ్డను కని పొత్తిగుడ్డలతో చుట్టిన చోటికి వచ్చేసరికి, సత్రంలో వాళ్ళకు చోటు లేకపోయిందన్న మాటను సువార్తమ్మ దాటేసింది. ఆ ఒక్క మాటే. పశువుల తొట్టిలో పడుకోబెట్టింది అని చదివేసి ముందుకు పోయింది. పుస్తకం తనది, కళ్ళు తనవి. మెట్టు మీద కూర్చున్నదానికి తెలిసే దారి లేదు. ఆదివారం పెద్దల ముందు తప్పు బయటపడుతుంది, అధ్యాయం మళ్ళీ తన దగ్గరికి వస్తుంది.

నాగమణికి అది అంతుబట్టలేదు. “అదేందత్తా, పసిగుడ్డుని పోయిపోయి పశువుల తొట్లో ఎందుకు పడుకోబెట్టింది?”

“పుస్తకంలో రాసినదాన్ని ఎందుకని అడక్కూడదు. అప్పజెప్పు.”

నాగమణి అప్పజెప్పింది.

అయితే ఒకసారి దాటేస్తే సరిపోలేదు. రోజూ మొదటి నుంచీ చదవమనేది నాగమణి. రోజూ ఆ చోటికి వచ్చి సువార్తమ్మ దాటాలి. పందొమ్మిదేళ్ళపాటు ఆ మాట ఏమంటుందో కూడా చూడకుండా గడగడా చెప్పేసిన మనిషికి ఇప్పుడు పొద్దున్నే పొయ్యి రాజేస్తుంటే అదే గుర్తొచ్చేది. బిందె ఎత్తుకుంటుంటే అదే గుర్తొచ్చేది. సాయంత్రం పుట తీయగానే మిగతా అక్షరాలన్నీ మసగ్గా, అదొక్కటే నల్లగా కనిపించేది. విసుగొచ్చి ఒక రోజు దానిమీద బొటనవేలు పెట్టి మూసేసి చదివింది. అలా పన్నెండు సాయంత్రాలు గడిచాయి. దోమలు కుడుతుంటే కొంగుతో తోలుకుంటూ ఆ పిల్ల పన్నెండు సాయంత్రాలూ మెట్టు మీదే కూర్చుంది.

ఆదివారం వచ్చింది. మందిరంలో దేవదానం గారే పుస్తకం తెరిచి, వాక్యం వెంట వేలు నడుపుతూ కూర్చున్నారు. ముందు నాగమణి చెప్పింది. ఆ గొంతుకు చంటిపిల్లలు కూడా అల్లరి ఆపారు. పశువుల తొట్టి దగ్గరికి వచ్చేసరికి అయ్యగారి వేలు ఆగిపోయింది.

“అమ్మాయ్, ఒక మాట పోయింది” అన్నారు పెద్దల్లో ఒకాయన.

నాగమణి మొహం చిన్నబోయింది. “అత్త చదివింది చదివినట్టే చెప్పానండి” అంది. అంతలోనే నాలిక్కరుచుకుంది. “అత్త తప్పు చదవదండి. నా బుర్రే మర్చిపోయుంటది. పాపం, అంత దగ్గులో రెండు వారాలు నాకోసం చదివింది” అని తల వంచుకుని ఆడవాళ్ళ మధ్యకు పోయి కూర్చుంది. అక్షరం రానిదానికి ఇంత ఆశెందుకని వెనకనుంచి ఎవరో నవ్వారు.

సువార్తమ్మ అనుకున్నదంతా జరిగింది. ఆమె లేచి బల్ల ముందుకు వచ్చి గొంతు సవరించుకుంది. ఆజ్ఞ సంగతి చెప్పింది, ప్రయాణం చెప్పింది, బేత్లెహేము చెప్పింది. ఎక్కడా తడబడలేదు. బిడ్డను కని, పొత్తిగుడ్డలతో చుట్టి, పశువుల తొట్టిలో పడుకోబెట్టింది అని చెప్పింది.

సరిగ్గా అదే చోట, అదే మాట పోయింది. పన్నెండు సాయంత్రాలు దాటి దాటి ఆమె నాలుక ఆ దారికి అలవాటు పడిపోయింది.

అయ్యగారి వేలు రెండోసారి ఆగింది. మందిరంలో అందరికీ అర్థమైంది. ఇందాక నవ్విన నోరు కూడా మూతపడింది. సువార్తమ్మ వెనక్కి వెళ్ళి ఆ మాట అందుకోవాలని చూసింది. చివరికి నాగమణి కూర్చున్న వైపు తిరిగింది.

“నేనే తీసేశానే పిల్లా. నీకు చోటివ్వబుద్ధి కాక తీసేశాను.”

ఇక నాగమణి తన గుమ్మం తొక్కదనే సువార్తమ్మ అనుకుంది. మర్నాడు సాయంత్రం ఆ పిల్ల షెడ్డు నుంచి ఎప్పటిలాగే వచ్చి మెట్టు మీద కూర్చోబోయింది. సువార్తమ్మ రెక్క పట్టుకుని లోపలికి లాక్కెళ్ళి మంచం మీద కూర్చోబెట్టింది. పుస్తకం తీసి ఆ మాట చదివింది.

“అదా సంగతి!” అంది నాగమణి. “చోటు లేకనా తొట్లో పడుకోబెట్టింది! ఇన్నాళ్ళూ నాకు అదే దిగులత్తా, ఆ తల్లికి మనసెట్టా ఒప్పిందా అని.”

అప్పుడొచ్చింది సువార్తమ్మకు ఏడుపు. మందిరంలో అందరి ముందూ రాని ఏడుపు.

ఆమెకు అసూయ పోయిందా అంటే, పోలేదనే అయ్యగారు అన్నారు. పండగనాడు నాగమణి బల్ల ముందుకు నడుస్తుంటే చాప మీద కూర్చున్న సువార్తమ్మ మొహం పక్కకు తిప్పుకోవడం ఆయన కళ్ళారా చూశారట. తెల్లచీర ఆ ఏడు పరుపు కిందే ఉండిపోయింది. నాగమణి మొదలుపెట్టింది. పొత్తిగుడ్డల దాకా చెప్పి ఆగిపోయింది. మళ్ళీ మర్చిపోయిందని అందరూ కంగారుపడ్డారు. ఆమె మర్చిపోలేదు. ఆడవాళ్ళ వైపు తిరిగి ఊరికే నిలబడింది. ఎంతసేపైనా నిలబడేటట్టు ఉంది. చాప మీదనుంచి సువార్తమ్మ తన బొంగురు గొంతుతో, సత్రంలో వాళ్ళకు చోటు లేకపోయిందన్న ఆ మాట చెప్పింది. అక్కడి నుంచి నాగమణి అందుకుంది.

ఇప్పటికీ ఆ సంఘంలో బల్ల ముందు నిలబడినవాళ్ళు ఆ చోట ఆగుతారు. కింద కూర్చున్నవాళ్ళలో ఎవరో ఒకరు ఆ మాట చెబుతారు. ఎవరు చెప్పాలని ముందుగా అనుకునేది లేదు. చెప్పినవాళ్ళను ఎందుకు చెప్పావని అడిగేదీ లేదు.

అయ్యగారు చెప్పడం ఆపి, రెండు బద్దలు కలిపి దారంతో ముడి వేశారు. నా జిగురు గిన్నెలోనే గట్టిపడిపోయింది. ఫిలేమోను చెవులు ఎర్రబడ్డాయి. అయినా అంత తేలిగ్గా లొంగే మనిషి కాదు.

“అర్థమైందండి. రెండో అధ్యాయం చదువుతాను” అన్నాడు.

అయ్యగారు తలెత్తకుండానే అన్నారు:

“నువ్వు చదవకు. తిమోతిని చదవమని, నువ్వు కూర్చుని విను. పుస్తకం నీ దుప్పటి కింద ఉంది.”