ఎదుటి మినారు కాపలా

పెన్న ఒడ్డున ఒక పాత ఊళ్లో, కోటగోడను ఆనుకుని ఒక మసీదు ఉంది. దానికి రెండు మినార్లు. ఒకటి ఏటి వైపు, ఇంకొకటి బజారు వైపు. రెండింటి గూళ్లలోనూ పావురాలు కాపురముండేవి. అందరూ ఒక్క కుటుంబమే. పీరాన్ అనే ముసలి పావురం పిల్లలూ, ఆ పిల్లల పిల్లలూ.

ఆ మినార్లతో ఒక చిక్కుంది. గచ్చు రాలిపోయి ఇటుకలు మెట్లలాగా బయటికి పొడుచుకొచ్చాయి. పిల్లి తలుచుకుంటే పైకి ఎక్కేయగలదు. గూళ్ల కింద రాతి సజ్జ అడ్డంగా ఉంది కాబట్టి, తమ మినారు ఎవరు ఎక్కుతున్నారో అందులో ఉన్నవాళ్లకు కనపడదు. ఎదుటి మినారులో కూర్చున్నవాళ్లకే కనపడుతుంది. అందుకని పీరాన్ ఒక కట్టుబాటు పెట్టాడు. ఏటి మినారువాళ్లు బజారు మినారును కనిపెట్టుకుని ఉండాలి, బజారు మినారువాళ్లు ఏటి మినారును. పిల్లి కనపడితే రెక్కలు కొట్టి గట్టిగా కూయాలి. అది వినపడగానే నోట్లో గింజ ఉన్నా వదిలేసి, పిల్లల్ని తోలుకుని మసీదు గుమ్మటం మీదికి ఎగిరిపోవాలి.

"మీ పిల్లల్ని మీరు కాచుకోలేరురా. వాళ్లు కాస్తారు. వాళ్ల పిల్లల్ని మీరు కాయండి" అని రెండు మినార్లకూ తిరిగి చెప్పేవాడు పీరాన్.

పీరాన్ కన్నుమూశాక పెద్దరికం అల్లుళ్లకు వచ్చింది. పెద్దకూతురు జుబేదా మొగుడు ఖాసిం ఏటి మినారుకు పెద్ద. చిన్నకూతురు సుగ్రా మొగుడు యాకూబు బజారు మినారుకు పెద్ద.

ఒకరోజు ఏటి మినారు అడుగున పిల్లి కనపడి యాకూబు కూశాడు. అందరూ ఎగిరారు, అందరూ బతికారు. గుమ్మటం మీద చేరాక ఖాసిం మెడ తిప్పుకుంటూ అన్నాడు.

"కూసింది సరే యాకూబు భాయ్, ముందు రెక్కలు కొట్టాలిగా? పీరాన్ అబ్బా నేర్పింది అదేగా?"

"అబ్బా ముందు కూసేవాడు, తర్వాతే రెక్కలు కొట్టేవాడు. నా కళ్లతో నేను చూశాను."

"నీకంటే ముందు వచ్చిన అల్లుణ్ని నేను. నాకా చెప్తావు?"

"ముందు వస్తే మరిచిపోకూడదని రాసుందా?"

జుబేదాకు ఇద్దరి మాటా నిజమేనని తెలుసు. నాన్న పడుచుతనంలో రెక్కలే ముందు కొట్టేవాడు. ముసలితనంలో కుడి రెక్క బిగుసుకుపోయింది. దాన్ని కూడదీసుకునేలోపల గొంతు ముందు వచ్చేసేది. యాకూబు అల్లుడై వచ్చేనాటికి ఆయన పరిస్థితి అది. ఈ సంగతి చెబుదామని ఆమె నోరు తెరిచింది.

"నువ్వు ఎవరి వైపు?" అన్నాడు ఖాసిం.

ఆమె నోరు మూసుకుంది. రెండురోజులు పోతే వాళ్లే సర్దుకుంటారులే అనుకుంది.

మసీదు మెట్ల దగ్గర, నమాజుకు వచ్చినవాళ్లు చెప్పులు విడిచేచోట ఒక బూడిదరంగు పిల్లి పడుకుని ఉండేది. దాని వినయం చూసి అందరూ దాన్ని మిస్కీన్ అని పిలిచేవాళ్లు, పాపం పేదది అని. మిస్కీన్‌కు చెవులు పెద్దవి. గుమ్మటం మీద గొడవ వినగానే అది ఏటి మినారు కిందికి వచ్చి కూర్చుంది.

"అస్సలాము అలైకుం ఖాసిం మియా. భయపడకండి, నేను కిందే ఉంటాను. చెప్పుల దగ్గర పడి ఉండేదాన్ని, నాకెందుకు గాని, బజారువాళ్లు ఏమంటున్నారో విన్నారా?"

"ఏమంటున్నారు?"

"మీ కూత అసలు కూతే కాదట. అది విని ఎగిరితే పీరాన్ సాహెబు ఆత్మ బాధపడుతుందట. నా చెవులతో విన్నాను మరి."

ఆ సాయంత్రమే అది బజారు మినారు కింద కూర్చుని, అదే మాటను అటూ ఇటూ మార్చి యాకూబుకు చెప్పింది. చివర్లో ఇంకొంచెం కలిపింది.

"మనుషుల్లోనూ ఇంతే మియా. ఈ మసీదులో మాట పడక సగంమంది వీధి చివర ఇంకోటి కట్టుకున్నారు. పెళ్లిళ్లకు పిలుపుల్లేవు, ఎదురుపడితే సలాములు లేవు. గౌరవం ఉన్నవాళ్లు అలాగే ఉంటారు." ఆ రెండు మసీదుల దగ్గరా తనకు అన్నం దొరుకుతోందన్న సంగతి మాత్రం అది చెప్పలేదు.

వారం తిరక్కుండా రెండు మినార్లలోనూ ఒకే తీర్మానం జరిగింది. అవతలివాళ్ల కూత వినపడితే మనవాళ్లెవరూ కదలకూడదు.

మధ్యాహ్నం నమాజు అయిపోయి జనం వెళ్లిపోయిన వేళ. జుబేదా సజ్జ మీద కూర్చుని ఉంది. బజారు మినారు ఇటుకల మీద బూడిదరంగు వీపు ఒకటి పాకుతూ కనపడింది. ఆమె టపటపా రెక్కలు కొట్టి, ఉన్న బలమంతా పెట్టి కూసింది.

ఎదుటి మినారులో తలలన్నీ లేచాయి. సుగ్రా సగం రెక్క విప్పింది. ఆమె పక్కన చాంద్ ఉన్నాడు, ఇప్పుడిప్పుడే ఎగరడం నేర్చుకుంటున్న బిడ్డ.

"కదలకండి! అది వాళ్ల కూత" అన్నాడు యాకూబు.

సుగ్రా మొగుణ్ని చూసింది. విప్పిన రెక్క ముడుచుకుంది. జుబేదా మళ్లీ కూసింది, మళ్లీ మళ్లీ కూసింది. పిల్లి తల సజ్జ మీదికి వచ్చాకగానీ వాళ్లు లేవలేదు. పెద్దవాళ్లందరూ అది ఏ పిల్లో కూడా చూడకుండా ఎగిరారు. చాంద్‌కు తల్లి తోలుకుపోతేనే ఎగరడం వచ్చు. తోలుకుపోయే వ్యవధి ఆమెకు లేకపోయింది.

జుబేదా పరామర్శకు బయలుదేరితే ఖాసిం అడ్డం వచ్చాడు.

"పోవద్దు. మన కూతను ఎగతాళి చేశారు. దాని ఫలితం అల్లా చూపించాడు."

"అల్లా పేరెందుకు తీస్తావు?" అంది జుబేదా. "పట్టుకుపోయింది పిల్లి."

అయినా ఆమె వెళ్లలేదు. ఎదుటి మినారులో చెల్లెలు ఖాళీ గూటి ముందు రోజంతా మెడ వాల్చి కూర్చుంటే చూస్తూ ఉండిపోయింది. ఆ మొదటిరోజే నిజం చెప్పి ఉంటే ఇంతదాకా వచ్చేదా అని ఆమెకు తిండి సయించలేదు. మిస్కీన్ మాత్రం మూతి తుడుచుకుని బజారు మినారు కిందికి వెళ్లింది. "అయ్యో యాకూబు మియా, బిడ్డ పోయాడట కదా. వాళ్లు కావాలనే ఆలస్యంగా కూశారట" అని కన్నీళ్లు పెట్టుకుంది.

"ఇక వాళ్ల మినారు వైపు ఎవరూ చూడొద్దు. వాళ్ల చావు వాళ్లు చస్తారు" అన్నాడు యాకూబు తనవాళ్లతో.

కొన్నాళ్లు గడిచాయి. ఒక సాయంత్రం జుబేదా గూటిలో పిల్లలకు మేత పెడుతోంది. తలెత్తి చూస్తే ఎదుట సుగ్రా నిలబడి ఉంది. చూడొద్దన్న వైపే చూస్తోంది. ఆమె మెడ నిక్కింది, ఈకలు లేచి నిలుచున్నాయి. తమ మినారు అడుగున ఏదో ఉందని జుబేదాకు అర్థమైంది. సుగ్రా ఎందుకు కూస్తుంది? బిడ్డను పోగొట్టుకున్న తల్లి. ఒకవేళ కూసినా, వాళ్ల కూతకు ఇక్కడెవరు కదులుతారు?

సుగ్రా ముందు రెక్కలు కొట్టింది. కొట్టిన తర్వాత కూసింది.

అది బజారు మినారు కూత కాదు. ఏటి మినారువాళ్లు ఎలా కూస్తారో అచ్చం అలాగే కూసింది.

"మన కూతే! లేవండి!" అని అరిచింది ఖాసిమే. పిల్లల్ని తోలుకుని అందరూ గుప్పున లేచిపోయారు. మిస్కీన్ సజ్జ మీదికి దూకేసరికి అక్కడ ఈకలు తప్ప ఏమీ లేవు. దూకిన ఊపుకు కాలికింద ఇటుక ఊడింది. పిల్లి గిరగిరా తిరుగుతూ కిందికి పోయి, నమాజుకు ముందు జనం కాళ్లూ చేతులూ కడుక్కునే నీళ్లతొట్టిలో దబ్బున పడింది. మసీదు ఊడ్చే ముసలాయన చీపురు తిప్పుకుంటూ వీధి మలుపుదాకా దాన్ని తరిమాడు.

గుమ్మటం మీద రెండు మినార్లవాళ్లూ చాలాకాలానికి ఒకచోట చేరారు. యాకూబు ఒళ్లంతా ఉబ్బించుకుని పెళ్లాం మీదికి వచ్చాడు.

"నా పరువు తీశావు. వాళ్ల కూత కూస్తావా?"

"వాళ్లకు అర్థమయ్యేది కూశాను" అంది సుగ్రా. "మన కూత కూస్తే వాళ్లు కదలరు. ఆరోజు జుబేదా ఆపా కూసింది. నాకు అర్థమైంది. పిల్లి వస్తోందని అర్థమై కూడా కూర్చున్నాను. ఎవరి కూత అని చూశాను. నా బిడ్డ కోసం కూసిన గొంతు అది."

ఈసారి జుబేదా మొగుడి ముఖం వైపు చూడలేదు.

"అబ్బా రెండు రకాలుగానూ కూశాడు" అంది. "పడుచుతనంలో రెక్కలు ముందు, ముసలితనంలో గొంతు ముందు. కుడి రెక్క పనిచేసేది కాదు. చివరిదాకా ఆయనకు గింజలు తెచ్చిపెట్టింది నేనే. మీ ఇద్దరూ చూసింది ఆయన్నే. ఈ మాట నేను ముందే చెప్పాల్సింది. మీకు భయపడి చెప్పలేదు. సుగ్రా, నన్ను క్షమించమని అడగడానికి కూడా నాకు ముఖం లేదు."

సుగ్రా అక్క పక్కకు వచ్చి కూర్చుంది.

ఖాసిం చాలాసేపు గుమ్మటం సున్నాన్ని ముక్కుతో గీకుతూ ఉండిపోయాడు. తర్వాత యాకూబు దగ్గరికి వెళ్లి తల వంచాడు. "నీ బిడ్డ పోయినరోజు నేను రాలేదు భాయ్. నోటికొచ్చింది అన్నాను" అన్నాడు. యాకూబు జరిగి పక్కన చోటిచ్చాడు. కాసేపటికి ఇద్దరూ కలిసి ఒక మాట చెప్పారు. ఎవరు ఎలా కూసినా సరే, వినపడితే ఎగరాలి.

ఒళ్లు ఆరాక మిస్కీన్ మళ్లీ వచ్చింది. ఏటి మినారు కింద వినయంగా కూర్చుంది.

"ఖాసిం మియా, మీ మేలుకోరి చెప్తున్నాను. ఆ యాకూబు ఇప్పటికీ కూతే ముందు అంటున్నాడట."

"అవును, పొద్దున నాతోనే అన్నాడు" అన్నాడు ఖాసిం. "రెక్కలే ముందని నేనూ అన్నాను. ఇంకా తేలలేదు. నువ్వొకసారి మినారు ఎక్కు, ఏది ముందు వినపడుతుందో నువ్వే చెబుదువుగాని."

మిస్కీన్ తలెత్తి చూసింది. ఎదుటి సజ్జ మీద సుగ్రా దానినే చూస్తోంది. అది తోక ముడుచుకుని లేచి, బజారు దారి పట్టింది.

ఒకే ఇంటివాళ్లు ఎన్ని విషయాల్లోనైనా వాదించుకోవచ్చు. ఆపద వస్తోందని హెచ్చరించే గొంతు ఎవరిదని మాత్రం అడగకూడదు.