నూనె చేతుల చెంగయ్య

అనగనగనగా, ఏరు వంపు తిరిగే చోట ఒక ఊరు ఉండేదిట. ఆ ఊళ్ళో చెంగయ్య అని ఒక గానుగాయన ఉండేవాడు. తెల్లవారగానే రోట్లో నువ్వులు పోసి ఎద్దుని కట్టేవాడు. ఎద్దు తిరిగేది. దాని వెనకాలే ఆయనా తిరిగేవాడు. అలా తిరిగి తిరిగి జుట్టు నెరిసిపోయింది గానీ, ఎక్కడ బయల్దేరాడో అక్కడే ఉన్నాడు పాపం.

ఆ ఊరి ఏటి ఇసకలో బట్టల మీద బొమ్మలేసేవాళ్ళు తమ బట్టలు ఆరేసుకునేవాళ్ళు. చిలకలు, తామరలు, పట్టాభిషేకాలు, అన్నీ ఎండలో మెరుస్తూ ఉండేవి. చిన్నప్పటినుంచీ చెంగయ్య మనసంతా ఆ ఇసకలోనే. గానుగ దగ్గర ఎద్దు కళ్ళకి గంతలు కట్టేవాడు, తన కళ్ళు తనే మూసుకునేవాడు. ఆ మూసిన రెప్పల వెనక ఎన్ని బొమ్మలు వేశాడో ఆ పెరుమాళ్ళకే తెలియాలి.

ఒకరోజు మధ్యాహ్నం గానుగ నీడలో కునుకు పట్టింది. కలలో ఏరంత వెడల్పు తెల్లబట్ట గాలికి ఊగుతూ వచ్చి ఆయన పక్కనే కూర్చుంది. "ఇంకెప్పుడొస్తావు చెంగయ్యా?" అని అడిగిందిట. ఆయన ఉలిక్కిపడి లేచాడు. లేచినవాడు లేచినట్టే ఏటిగట్టుకి నడిచాడు.

అక్కడ వెంగమాంబ అని పెద్దావిడ, బొమ్మలు వెయ్యడంలో అందెవేసిన చెయ్యి.

"అక్కా, నాకు బొమ్మలు వెయ్యడం నేర్పవూ?"

"ఈ వయసులోనా తమ్ముడా? చెయ్యి తిరగద్దూ?"

"పుట్టిన దగ్గర్నుంచీ తిరుగుతూనే ఉన్నా కదక్కా. చెయ్యొక్కటీ ఇంట్లో పెట్టి తిరిగానా ఏంటి!"

వెంగమాంబకి నవ్వాగలేదు. వక్కాకు రసం చీర మీద పడింది. సరే కూర్చోమని వెదురు కలం చేతికిచ్చింది.

అప్పటినుంచి పొద్దున గానుగ, సాయంత్రం కలం. మొదట ఒక చిలకని వేశాడు. బట్టని ఏట్లో జాడిస్తే ఏముంది, చిలక తోక మాయం! వెంగమాంబ బట్టని వాసన చూసింది. "నూనె చెయ్యి నాయనా. కరక్కాయ, పాలు పట్టించిన బట్ట ఇది. నూనె తగిలిన చోట నలుపు పట్టదు" అంది.

ఆ తర్వాత శనగపిండితో చేతులు రుద్దుకుని హంసని వేశాడు. దానికి తల పోయింది. వీధిలో పిల్లలు వెంటపడ్డారు. "చెంగయ్య మామా, ఇవాళ ఎవరు జారిపడ్డారు?" అని.

ఆ తర్వాత కుంకుడు రసంతో, ఏటి ఇసకతో తోలు ఎర్రబడేదాకా తోముకుని రాములవారిని వేశాడు. జాడించి చూస్తే, రామరామ, స్వామికి పాదాలే లేవు! చెంగయ్య ఏట్లో నిలబడే లెంపలేసుకున్నాడు.

అప్పుడు వెంగమాంబ మెల్లిగా చెప్పింది. "నూనె నీ చేతుల మీద లేదు తమ్ముడా, చేతుల్లోనే ఉంది. కడిగితే పోయేది కాదు, వదిలితే పోయేది. గుడిలో కట్టే బొమ్మల తెర వేస్తున్నా. దేవుళ్ళని నేను వేస్తా. కింద వారధి కట్టే సముద్రం నువ్వు వెయ్యి. కానీ గానుగ ముట్టుకోకూడదు. స్వామి తెర మీద ఒక్క మచ్చ పడినా ఇంక నీకు కలం ఇవ్వను."

చెంగయ్య ఇంటికొచ్చి భార్య మునెమ్మకి చెప్పాడు. ఆవిడ జల్లెడ కింద పెట్టేసింది.

"గానుగ చెంగయ్య అంటేనే కదయ్యా నువ్వు. గానుగ తీసేస్తే ఇంకేం మిగుల్తావు?"

"అదే చూద్దామని మే" అన్నాడు చెంగయ్య.

మునెమ్మ జల్లెడ మళ్ళీ చేతిలోకి తీసుకుంది. ఆ తర్వాత, "తెర మీద మచ్చ పడితే మాత్రం మారు మాట్లాడకుండా గానుగ దగ్గరికి వచ్చెయ్యాలి" అంది. ఆయన సరేనన్నాడు. గానుగని మేనల్లుడికి అప్పజెప్పాడు. వాడికి వేరే కోడెద్దు ఉంది, ముసలి ఎద్దు ఇంటి దగ్గరే ఉండిపోయింది.

ఆ తర్వాత చెంగయ్య తలకి నూనె మానేశాడు. దోసె మీద చుక్క మానేశాడు. వానలు వెళ్ళిపోయాయి, మంచు వచ్చింది. అరచేతులు బీటలు వారాయి. ఏమీ తోచని పొద్దున పెరట్లో ముసలి ఎద్దు గుండ్రంగా తిరిగేది. దాని వెనకాల ఆయనా తిరిగేవాడు. "రోలు లేదు, నువ్వులు లేవు. ఇద్దరూ కలిసి ఏం ఆడిస్తున్నారయ్యా?" అని మునెమ్మ ఎగతాళి చేసేది.

మామిడి పూత వచ్చే వేళకి వెంగమాంబ కబురంపింది. చెంగయ్య ఎన్నడూ సముద్రం చూసినవాడు కాదు. అయినా రామనామం అనుకుంటూ ఒక అల వేశాడు. దాని భుజం మీద ఇంకో అల. దాని ఒళ్ళో ఒక చేప. వేస్తూ వేస్తూ తను ఎక్కడున్నాడో మర్చిపోయాడు. చెవిలో హోరు వినిపించింది, పెదాల మీద ఉప్పు తగిలింది. వెంగమాంబ పిలిస్తే, ఏ లోకం నుంచో వచ్చినవాడిలా చూశాడు.

ఆ తర్వాత తెరని ఏట్లో జాడించారు. చెంగయ్య నడుంలోతు నీళ్ళలో నిలబడి అవతలి గట్టుకేసి చూస్తున్నాడు. బట్టకేసి చూసే ధైర్యం లేదు. గట్టు మీదున్న మునెమ్మే చీర ఎత్తి దోపుకుని నీళ్ళలోకి దిగింది. తెరని ఆ చివరి నుంచి ఈ చివరిదాకా రెండు చేతులతో తడుముతూ వచ్చింది, బియ్యంలో రాళ్ళు వెతికినట్టు.

"ఉందయ్యా" అంది. "సముద్రమంతా ఉంది. ఒక్క చేప కూడా పోలేదు."

వెంగమాంబ రెండు చేతులూ జోడించింది. చెంగయ్య ఇటు తిరిగి తెరకేసి చూశాడు.

అప్పుడు మునెమ్మ ఆయన చేతులు పట్టుకుని వాసన చూసింది. కరక్కాయ వాసన, ఏటి నీళ్ళ వాసన. నువ్వుల నూనె వాసన ఎక్కడా లేదు. ఆవిడ కళ్ళు చెమ్మగిల్లాయి.

"ఇన్నేళ్ళూ ఆ వాసనతోనే కదయ్యా నిన్ను పోల్చుకున్నాను. ఇంక చీకట్లో వచ్చింది నువ్వేనని నాకెట్లా తెలిసేది?"

చెంగయ్య తన చేతులు తనూ వాసన చూసుకున్నాడు.

"దగ్గుతాలే మే" అన్నాడు.

కథేమో కదిలింది కంచికి,
కునుకొచ్చి చేరింది కంటికి,
నువ్వూ నేనూ మన ఇంటికి,
రాములవారే కాపు వాకిటికి.