బ్రెజిల్ గింజలు, తాత బట్టతల

జీడిలంకలో గంగరాజు ఇంటివాళ్ళంత తెలివైనవాళ్ళు లేరు. ఈ మాట ఊళ్ళోవాళ్ళెవరూ అనలేదు. గంగరాజు ఇంటివాళ్ళే అనుకునేవాళ్ళు. రోజూ పెరట్లో కూర్చుని జీడిగింజలు కాల్చి, పెంకు కొట్టి పప్పు తీస్తూ, ఒకరి తెలివిని ఒకరు మెచ్చుకునేవాళ్ళు.

"పెంకు పగలగొడితే లోపల పప్పుంటాదని మొదట కనిపెట్టింది మనోళ్ళేనంటావా?" అనేవాడు గంగరాజు.

"మనోళ్ళు కాక ఇంకెవరు? ఊళ్ళో మిగతావాళ్ళకి అంత బుర్రుందా?" అనేది సూరమ్మ, ఆయన పెళ్ళాం.

కొడుకు బుల్లబ్బాయి, కూతురు పల్లాలు తలలూపేవాళ్ళు. గంగరాజు తండ్రి సుబ్బారాయుడు తాత కూడా ఊపేవాడు. ఆయన తల మాత్రం ఊపితే మెరిసేది. వయసులో ఉండగానే జుట్టంతా ఊడిపోయి నున్నటి బట్టతల మిగిలింది. ఊళ్ళో వాన మొదలైతే అందరికంటే ముందు ఆయనకే తెలిసేది.

ఇంత తెలివున్న ఇంట్లో ఒకటే దిగులు. పల్లాలుకి పెళ్ళి కుదరడం లేదు. వచ్చిన సంబంధాలన్నీ కాఫీల దగ్గరే లేచిపోతున్నాయి. ఒకసారి పెళ్ళివారు, "మాకేం మర్యాదలొద్దమ్మా, ఒట్టి మంచినీళ్ళు చాలు" అన్నారు. ఒట్టి మంచినీళ్ళే కదా అడిగారు, గ్లాసు అడగలేదు కదా అని పల్లాలు చెంబెడు నీళ్ళు తెచ్చి పెద్దాయన ఒళ్ళో పోసింది. అంతే, వాళ్ళు మళ్ళీ ఈ గడప తొక్కలేదు.

చివరికి టౌన్లో మందులషాపున్న కొండలరావు, కొడుకు వీర్రాఘవుల్ని వెంటబెట్టుకుని పిల్లని చూడటానికి వచ్చాడు. ఎండకి తలపాగా చుట్టుకుని, నెమ్మదిగా మాట్లాడే మనిషి. భార్య పోయాక కొడుకుని ఒంటిచేత్తో పెంచాడు.

"మొహమాటపడకండి బావగారూ, ఇది మీ ఇల్లే అనుకోండి" అన్నాడు గంగరాజు.

వీర్రాఘవులు కాసేపు ఆలోచించాడు. "మరి మన ఇంట్లో వీళ్ళెందుకున్నారు నాన్నా?" అని అడిగాడు.

కొండలరావు సిగ్గుతో చచ్చినంత పనయ్యి తలపాగా సర్దుకున్నాడు. కానీ గంగరాజు ముఖం వెలిగిపోయింది. "కుర్రాడు చురుకండోయ్!" అన్నాడు. తలుపు చాటునున్న పల్లాలుకి ఆ కుర్రాడు ఎంత నచ్చాడంటే, చేసుకుంటే ఈయన్నే చేసుకుంటాను, లేకపోతే జన్మంతా జీడిగింజలు కొట్టుకుంటాను అని అక్కడికక్కడే తల్లి చెవిలో చెప్పేసింది.

"వచ్చే నెల తాంబూలాలు పుచ్చుకుందాం. నాకు గొడవలంటే పడదు బావగారూ. ఏ రభసా లేకుండా ఆ రోజు గడిస్తే అదే పదివేలు" అన్నాడు కొండలరావు.

పెళ్ళివారు వెళ్ళేముందు సూరమ్మ తన ఒంట్లో నీరసంగా ఉంటోందని చెప్పింది. కొండలరావు సంచీలోంచి ఓ పొట్లం తీశాడు. లోపల పెంకుతో ఉన్న పెద్దపెద్ద గింజలు.

"ఇవి బ్రెజిల్ గింజలు చెల్లెమ్మా. వీటిలో సెలీనియం అనే ధాతువుంది. మెడ దగ్గరుండే థైరాయిడ్ గ్రంథికి మంచిది. రోజుకి ఒక్కటి చాలు. రుచిగా ఉన్నాయి కదాని రోజూ గుప్పిళ్ళు గుప్పిళ్ళు తింటే మాత్రం విషమే. జుట్టు రాలిపోతుంది, గోళ్ళు పెళుసెక్కుతాయి, నోరు వెల్లుల్లి వాసన వేస్తుంది. అలాంటివాళ్ళు కనపడితే వాళ్ళు వద్దన్నా వినకుండా ఆస్పత్రికి తీసుకెళ్ళాలి. ఇంకో మాట, వీటిని చల్లగా, చీకటిగా ఉన్నచోట పెట్టండి. లేకపోతే పప్పులో నూనె చెడి కంపు కొడుతుంది."

"గింజల గురించి మాకా చెప్పేది బావగారూ!" అని గంగరాజు మీసం తిప్పాడు.

పెళ్ళివారు అటు వెళ్ళారో లేదో, ఇంట్లో ఆలోచన మొదలైంది. చల్లగా, చీకటిగా ఉన్న చోటేది? ఎంత వెతికినా అలాంటి చోటు లేదు.

"లేకపోతే మనమే చేత్తాం" అన్నాడు బుల్లబ్బాయి.

ఇంకేముంది! కిటికీలకి తడిపిన గోనెసంచులు కట్టారు. ఇంటికప్పు పెంకుల సందుల్లో మట్టి మెత్తారు. చల్లదనం కోసం నట్టింట్లో బిందెలకొద్దీ నీళ్ళు కుమ్మరించారు. దీపం పెట్టకూడదని, అగ్గిపుల్ల గీయకూడదని గంగరాజు ఆజ్ఞ వేశాడు. పొట్లం మాత్రం నట్టింట్లో పీటమీద హాయిగా కూర్చుంది. మనుషులే ఒకరికొకరు గుద్దుకుని నడుములు విరగ్గొట్టుకున్నారు. ఆ చీకట్లో తల దువ్వుకోబోయిన బుల్లబ్బాయి, పక్కనున్న తాత నెత్తిమీద దువ్వెన పెట్టి, "అమ్మోయ్, నా జుట్టేదే!" అని ఘొల్లుమన్నాడు.

మర్నాడు సూరమ్మ పొయ్యి వెలిగించలేదు.

"అన్నం వండలేదేంటే?" అన్నాడు గంగరాజు.

"అన్నయ్యగారు ఏం చెప్పారు? రోజుకి ఒక్కటి చాలన్నారా లేదా? చాలన్నాక మళ్ళీ అన్నమెందుకండి?"

"ఆయ్, నిజమే!" అని గంగరాజు పెళ్ళాం తెలివికి మురిసిపోయాడు.

అంతే. అందరికీ అరిటాకులు వేసి, నీళ్ళు చల్లి, ఒక గింజ కొట్టి పప్పుని ఐదు ముక్కలు చేసి ఆకుకో ముక్క వడ్డించింది.

"మారు వడ్డించనా?" అంది సూరమ్మ.

"వద్దొద్దు, విషమైపోద్ది" అన్నారు అందరూ ఆకుకి చేతులు అడ్డం పెట్టి.

తాత మాత్రం ఆశగా, "కొంచెం చారు కాచకపోయావా అమ్మా?" అన్నాడు.

"చారు కూడా పోత్తే రెండోదవదా మావయ్యా? ఒక్కటే చాలన్నారు."

రెండుమూడు రోజులు తిరిగేసరికి ఇంటిల్లిపాదీ గోడలు పట్టుకుని నడుస్తున్నారు. బుల్లబ్బాయి గింజని కొట్టబోయి వేలు కొట్టుకున్నాడు. అరవడానికి ఓపిక లేక ఊరుకున్నాడు. అప్పుడే కొండలరావు ఫోన్ చేశాడు.

"నీరసం తగ్గిందా చెల్లెమ్మా?"

"తగ్గిందన్నయ్యగారూ. ఇప్పుడు నీరసపడ్డానిక్కూడా ఓపిక లేదు."

సంగతి అడిగి తెలుసుకున్న కొండలరావు తల పట్టుకున్నాడు. "అన్నం మానెయ్యమని నేనెప్పుడు చెప్పాను! అన్నం, పప్పు, కూర అన్నీ తినాలి. దాంతోపాటు గింజ కూడా ఒకటి. ఆ గింజలో మనకి ముఖ్యంగా కావలసింది సెలీనియం. ఒంటికి మేలు చేసేది అదమ్మా, అర్థమైందా?"

"బాగా అర్థమైందండి" అంది సూరమ్మ. ఆరోజు ఇంట్లో ఇద్దరికి సరిపడా అన్నం ఒక్కొక్కళ్ళూ తిన్నారు. కడుపు నిండేసరికి మళ్ళీ తెలివి పుంజుకుంది.

"నాన్నా," అన్నాడు బుల్లబ్బాయి, "కావలసింది సెలీనియమే అయితే గింజ తినడమెందుకు? మనం జీడిపెంకు పారేసి పప్పు తీసుకోటల్లేదా? అలాగే గింజ పారేసి సెలీనియం తీసి డబ్బాలో పోసుకుంటే సరి."

"ఇన్నాళ్ళూ ఈ ఆలోచన బ్రెజిలోళ్ళకి కూడా రాలేదు చూడు!" అన్నాడు గంగరాజు.

బుల్లబ్బాయి సుత్తి తీసుకుని ఒక గింజ కొట్టాడు. పెంకు ఊడింది, పప్పు వచ్చింది. పప్పుని కూడా కొట్టి చూశాడు. లోపల ఏమీ లేదు. ఇంకోటి కొట్టాడు. అందులోనూ లేదు. అలా పొట్లమంతా కొట్టేశాడు. లోపల ఏమీలేని పప్పు ఎందుకని ఆ పొడంతా ఎరువుగుంటలో పోసి మట్టి కప్పేసి, లబోదిబోమంటూ ఇంట్లోకి పరిగెత్తాడు.

"దొంగలు పడ్డారు! పెంకులు పెంకుల్లాగే ఉన్నాయి, లోపల సెలీనియం మొత్తం ఎవరో తినేశారు!"

ఇంకేముంది, అందరూ తలోచోటా కూలబడి దొంగెవరా అని ఆలోచించారు. పల్లాలుకి తట్టింది. "అంత సెలీనియం తిన్నోళ్ళకి జుట్టు రాలిపోద్దని మావగారు చెప్పారు కదా?"

నలుగురూ ఒక్కసారి తాతవైపు తిరిగారు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు తాత గబుక్కున నెత్తి తడుముకున్నాడు.

"ఎంతపని చేశావు నాన్నా!" అన్నాడు గంగరాజు.

"ఒరే, నా జుట్టూడి యాభయ్యేళ్ళయిందిరా!"

"యాభయ్యేళ్ళ నుంచీ తింటన్నావా!" అని సూరమ్మ గుండె బాదుకుంది.

నలుగురూ అంత గట్టిగా చెబుతుంటే తాతకి కూడా అనుమానం వచ్చింది. "ఏమో మరి, నిద్దట్లో తిన్నానేమో" అన్నాడు పాపం.

అంతే. ఆయన్ని నులకమంచం మీద పడుకోబెట్టి, పడిపోకుండా తాళ్ళతో కట్టి, నలుగురూ నాలుగు మూలలా ఎత్తుకుని పక్క ఊళ్ళోని ఆస్పత్రికి పరిగెత్తారు. డాక్టరుగారు నెత్తిన ఆకుపచ్చ గుడ్డటోపీ పెట్టుకుని ఎవరికో కట్టు కడుతున్నారు. సంగతంతా విని తాత నోటి దగ్గర వాసన చూశారు. చుట్ట కంపు తప్ప ఇంకేం రాలేదు.

"బట్టతల ఉన్న ప్రతివాడూ రోగి కాదయ్యా!" అని కేకలేశారు. "ఆ గింజలు మితిమీరి తిన్నవాడైతే నోరు వెల్లుల్లి వాసన కూడా వెయ్యాలి. రెండూ ఉంటే ఆస్పత్రికి పట్టుకురండి. లేదంటే ఈ చుట్టుపక్కల కనపడొద్దు!"

"రెండూ ఉంటేనే తెత్తామండి" అని గంగరాజు చేతులు జోడించి ఒట్టేశాడు. తాత ఇంటికి నడిచే వచ్చాడు. రోగం లేదని డాక్టరుగారు చెప్పాక మంచం మొయ్యడం దండగ కదా.

తాంబూలాల రోజు వచ్చింది. పల్లాలు కొత్త పట్టుచీర కట్టుకుంది. ఇవాళ ఏ గొడవా జరక్కుండా చూడమని తెలిసిన దేవుళ్ళందరికీ మొక్కింది. సూరమ్మ ఆకులు, వక్కలు, అరటిపళ్ళు వెండిపళ్ళెంలో సర్దింది. కొండలరావు, వీర్రాఘవులు చెప్పిన వేళకి దిగారు.

"అబ్బ, ఏం ఎండ!" అంటూ కొండలరావు అరుగుమీద కూర్చుని తలపాగా తీశాడు.

కింద వెంట్రుకన్నది లేదు. తాత తలకి తమ్ముడిలా ఉంది.

గంగరాజు ఇంటివాళ్ళు ఊపిరి బిగబట్టారు. డాక్టరుగారు రెండూ ఉండాలన్నారు, తొందరపడకూడదు. సూరమ్మ మంచినీళ్ళ గ్లాసు ఇచ్చి, నెమ్మదిగా ముందుకి వంగింది.

"ఏం చెల్లెమ్మా, బాగున్నావా?" అన్నాడాయన. గుప్పున వెల్లుల్లి వాసన!

"రెండూ ఉన్నాయండోయ్!" అని సూరమ్మ కేక పెట్టింది.

"ఏం రెండు? దారిలో వెల్లుల్లికారంతో ఇడ్లీ తిన్నానమ్మా!"

"రోగం ముదిరితే అందరూ అలాగే అంటారు బావగారూ" అని గంగరాజు ఆయన్ని ఎత్తి మంచంమీద వేశాడు. బుల్లబ్బాయి తాళ్ళు బిగించాడు. కొండలరావు వద్దంటున్నాడు, తిడుతున్నాడు, కాళ్ళు తన్నుతున్నాడు. వద్దన్నా వినొద్దని ఆయనే చెప్పాడు కనక ఎవరూ వినలేదు. పల్లాలు పట్టుచీర కుచ్చిళ్ళు దోపుకుని మంచానికి ఓ మూల పట్టబోయింది.

"ఆడపిల్ల మొయ్యడమేంటండీ, ఇలా ఇవ్వండి" అని వీర్రాఘవులు వచ్చి ఆ మూల తను పట్టుకున్నాడు.

కొండలరావు నోరెళ్ళబెట్టాడు. "ఒరేయ్, నువ్వు నా కొడుకువేనా!"

"అవున్నాన్నా, నేనే!" అన్నాడు వీర్రాఘవులు. తర్వాత కళ్ళనీళ్ళతో, "కొడుకుని కూడా గుర్తుపట్టట్లేదు, తొందరగా నడవండి మావయ్యగారూ!" అన్నాడు.

ఇంకేముంది, మంచం రోడ్డెక్కింది. తాత ముందు దారి తీస్తున్నాడు. మంచంమీద కొండలరావు అరికాలి మంట నెత్తికెక్కి అరుస్తున్నాడు. "ఈ సంబంధం ఇక్కడితో సరి! నన్ను దింపండి, మళ్ళీ మీ మొహం చూస్తే ఒట్టు!"

ఆ మాట వినేసరికి పల్లాలు గుండె జారిపోయింది. వీర్రాఘవుల వైపు ఒకసారి చూసి వెక్కివెక్కి ఏడ్చింది. అయినా పరుగు ఆపలేదు. ఎండ తగలకుండా ఆయన బట్టతలకి కొంగు అడ్డం పట్టి పక్కనే పరిగెడుతూ, "పెళ్ళి పోతే పోనీ మావగారూ, మీరు బతికితే అదే చాలు" అంది.

కొండలరావు అరవడం మానేశాడు. ఆస్పత్రి వచ్చేదాకా ఆ కొంగు నీడలోనే పడుకున్నాడు.

డాక్టరుగారు అప్పుడే భోజనం చేసి, టోపీ మేకుకి తగిలించి, ఫ్యాను కింద కూర్చున్నారు. ఆ టోపీ కింద ఏముందో గంగరాజు ఇంటివాళ్ళు అదే మొదటిసారి చూడటం. నున్నగా ఉంది.

"మళ్ళీ మీరేనా!" అని డాక్టరుగారు నోరు తెరిచారు. పొద్దున కాచిన వెల్లుల్లిచారు గది నిండా ఘుమఘుమలాడింది.

"అయ్యో, ఈయనక్కూడానా!" అన్నాడు గంగరాజు. "బావగారూ, మీరు కాసింత ఓర్చుకోండి. ఈయనది బాగా ముదిరింది."

అంతే. కొండలరావు కట్లు విప్పి వరండాలో గోడవారగా నిలబెట్టారు. డాక్టరుగార్ని మంచానికి కట్టేశారు. ఆయన "నేను డాక్టర్నిరా!" అని మొత్తుకుంటుంటే, "మీరు చెప్పినట్టే చేత్తన్నామండి" అని ఓదార్చారు. కట్టాక గంగరాజుకి ఓ చిక్కు వచ్చిపడింది.

"రెండూ ఉన్నోణ్ణి ఆస్పత్రికి తీసుకురమ్మన్నారు. ఆస్పత్రిలోనే ఉన్నోణ్ణి ఆస్పత్రికెలా తీసుకొత్తాం?"

అందరూ బుర్రలు గోక్కున్నారు. అప్పుడు వీర్రాఘవులు గొంతు సవరించుకున్నాడు. "ముందు బయటికి తీసుకెళ్దాం మావయ్యగారూ. గేటు దాటాక వెనక్కి తీసుకొద్దాం."

ఆ తెలివికి గంగరాజు కళ్ళు చెమర్చాయి. మంచం గేటు దాటి వెళ్ళింది, వెనక్కి తిరిగి పరుగున వరండాలోకి వచ్చింది. కొండలరావు గోడవారగా నిలబడి చూస్తూనే ఉన్నాడు. టౌన్లో నలుగురూ నవ్వుతారని కొడుకుని షాపులో కూడా కూర్చోనివ్వడు. తను పోయాక వాణ్ణి ఎవరు చూసుకుంటారా అని రాత్రిళ్ళు నిద్రపోడు. ఆ కొడుకు ఇవాళ ఓ మాట చెబితే నలుగురు మనుషులు చెవి ఒగ్గి విన్నారు. పల్లాలు వాడి చెమట చూసి కొంగుతో విసురుతోంది.

"తాంబూలాలు తెచ్చారా?" అని అడిగాడు కొండలరావు.

తాత చంకలోంచి వెండిపళ్ళెం కట్టిన మూట తీశాడు. దారిపొడవునా దాన్ని జారనివ్వలేదు. పళ్ళెం పెట్టడానికి చోటు కనపడక డాక్టరుగారి పొట్టమీద పెట్టారు. ఆయన ఊపిరి తీసుకున్నప్పుడల్లా అరటిపళ్ళు లేచి కూర్చుంటున్నాయి. అక్కడే తాంబూలాలు మార్చుకున్నారు. సంతోషం పట్టలేక పల్లాలు మళ్ళీ ఏడ్చింది.

"శుభం. ఇంక రోగిని డాక్టరుగారికి చూపిద్దాం" అని గంగరాజు గదిలోకి తొంగి చూశాడు. కుర్చీ ఖాళీగా ఉంది. "అరె, డాక్టరుగారు లేరు! ఇప్పటిదాకా ఇక్కడే ఉన్నారే!"

"నేను వెతుక్కొస్తానుండండి" అని వీర్రాఘవులు రోడ్డుమీదికి పరిగెత్తాడు. అటు బజారు, ఇటు రేవు చూసి రమ్మని కేకేస్తూ బుల్లబ్బాయి వెనకే ఉరికాడు.

సూరమ్మ మంచం పక్కన కూర్చుని, డాక్టరుగారి బట్టతల నిమురుతూ, "కంగారుపడకండి బాబూ, డాక్టరుగారు ఇప్పుడే వచ్చేత్తారు" అని ధైర్యం చెప్పింది.