గాజుల పేరంటంలో నాంచారమ్మ చెప్పిన మాట

ఇంటి సంగతి ఏదీ గడప దాటనివ్వని నాంచారమ్మ, ఆ ఉదయం ఏడుంపావుకు, చీరాల మగ్గాల వీధిలోని తన ఇంట్లో మనవరాలు పావనికి జడ వేస్తూ ఉండగా పిల్ల చెవి వెనక రెండు నీటి పొక్కులు కనిపించాయి.

అవి ఏమిటో ఆమెకు తెలుసు. ఆటలమ్మ. ఆ వీధిలో ఆ పేరు పైకి అనరు. గుమ్మానికి వేపమండ కట్టి, తలుపులు మూసి, మందు మాట ఎత్తకుండా కూర్చుంటారు. కానీ ఆ రోజు కోడలు సుగుణకు ఐదో నెల గాజుల పేరంటం. వీధి వీధంతా వస్తుంది. నాంచారమ్మ పిల్లకు పొడుగు చేతుల గౌను తొడిగి, జడలు చెవుల మీదికి దింపి ఊరుకుంది.

పేరంటాళ్లు వచ్చారు. సుగుణ చేతులకు గాజులు ఎక్కుతున్నాయి. పావని పరుగెత్తుకొచ్చి తల్లి ఒళ్లో వాలిపోయింది. రాత్రి పడుకున్నదీ ఆమె పక్కనే.

"అత్తయ్యా, దీని ఒళ్లు కాలిపోతోంది," అంది సుగుణ. అంతలోనే నవ్వింది. "అయ్యో, లోపల ఇది కూడా కదిలింది! ఇదే మొదలు. చెయ్యి పెట్టి చూడండి."

నాంచారమ్మ చెయ్యి పెట్టింది. అరచేతి కింద చేపపిల్ల తుళ్లినట్టయింది. ఇక ఆమెకు మాట ఆగలేదు.

"సుగుణా, పిల్లను దింపు. దానికి ఆటలమ్మ పోసింది. పొద్దున్నే చూశాను. దాచాను."

గాజుల చప్పుడు ఆగిపోయింది. పక్కింటి కోటమ్మ, మూడో నెల కడుపుతో ఉన్న కూతుర్ని పట్టుకుని చివాలున లేచింది.

"బాగుంది వదినా! మంచి వాయనమే పంచావు. పోనీ, అమ్మవారు ఇంట ఉండగా సూదుల జోలికి మాత్రం పోకు."

"అమ్మవారికి వేపమండ కడతాను. డాక్టరమ్మకు నిజం చెబుతాను. నాకు రెండు చేతులున్నాయిలే," అంది నాంచారమ్మ.

అరగంటలో అత్తా కోడళ్లు ఆస్పత్రిలో ఉన్నారు.

"తల్లికీ బిడ్డకూ మధ్య మాయ ఉంటుంది," అంది డాక్టరమ్మ. "బిడ్డకు తిండి అందేది దాని గుండానే. చాలా క్రిములను అది ఆపుతుంది. ఈ ఆటలమ్మ వైరస్ మాత్రం తల్లి రక్తంలో చేరితే ఒక్కోసారి మాయను దాటుతుంది. బిడ్డ కళ్లకో, కాళ్లూ చేతులకో లోపం రావచ్చు. నీకు చిన్నప్పుడు పోసిందా?"

సుగుణకు తెలియదు. ఆమె పుట్టింట్లోనూ ఇలాంటివి చెప్పుకోరు.

రక్తం పరీక్ష చేస్తే ఒంట్లో రక్షణ లేదని తేలింది. మర్నాడే ఆ రక్షణ అందించే ఇంజక్షన్ పడింది.

"ఇంకో రెండు వారాలు దాచి ఉంటే ఈ మందు ఎందుకూ కొరగాదు. సమయానికి నోరు విప్పారు," అంది డాక్టరమ్మ.

నెల గడిచింది. పావనికి నయమైంది. సుగుణ ఒంటి మీద ఒక్క పొక్కు లేవలేదు. స్కానింగులో బిడ్డ చక్కగా, బొటనవేలు చప్పరిస్తూ కనిపించింది. ఇంటి సంగతి గడప దాటనివ్వని నాంచారమ్మ ఆ బొమ్మ పట్టుకుని వీధంతా తిరిగింది!

పేరంటం నాటి సాయంత్రమే కోటమ్మ తన కూతుర్ని పెరటి దారిన అదే డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లిందని, ఆ పిల్లా క్షేమమేనని అప్పుడే తెలిసింది.

తెగిన పోగును దాచి నేస్తే చీరంతా పాడవుతుంది. జబ్బును దాస్తే పుట్టని బిడ్డ కూడా బలి కావచ్చు. సమయానికి చెప్పిన నిజమే మొదటి మందు.