గుమాస్తా నడుముకి తాళాలగుత్తి

రాజులూ ఓడలూ ఉన్న రోజుల మాట లెండి. అచ్యుతశ్రేష్ఠి ఒక వర్తక సంఘం పెట్టి, లేని ఓడలో వాటాలమ్మి ఊరందరినీ ముంచాడు. తీరా పట్టుబడ్డాక, "సంఘం నాదా! చాపలల్లే గుర్వమ్మది. పత్రం మీద వేలిముద్ర ఆవిడదే. నేను ఉత్త గుమాస్తాని" అన్నాడు.

ధర్మాధికారి నరహరయ్య పత్రాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. శ్రేష్ఠే చాపలు కొంటానని నమ్మబలికి ఆ ముద్ర వేయించుకున్నాడని ఆయనకు తెలుస్తూనే ఉంది. కానీ రుజువేదీ? పత్రం ప్రకారం గుర్వమ్మకు చెరసాల తప్పదు.

సభలో ఓ పక్కన కూర్చున్న గుర్వమ్మ కొంగు దోపుకుని లేచింది. "ఒప్పుకుంటున్నా బాబయ్యా, సంఘం నాదే. మరైతే సంఘం పేరున కొన్న మేడా, గిడ్డంగీ నావేగా? నష్టపోయినవాళ్ళకి ఇప్పుడే పంచేస్తా. ఒరే గుమాస్తా, తాళాలు ఇట్టా పడెయ్!"

శ్రేష్ఠి నడుముకున్న తాళాలగుత్తిని రెండు చేతులా పట్టుకుని, "నా మేడ పంచడానికి నువ్వెవతివే? అదంతా నాది! నీకు గడ్డిపోచంత హక్కు కూడా లేదు!" అని అరిచాడు.

సభ మొత్తం నోరు తెరిచింది. నరహరయ్య తనకు తెలియకుండానే ఆసనం మీంచి లేచి నిలబడ్డాడు.

"ముప్పై ఏళ్ళు ధర్మశాస్త్రం చదివాను తల్లీ, తాళాలు అడగాలని నాకు తోచలేదే!" అని చేతులు జోడించి, భటులకేసి తిరిగాడు.

"యజమానిగారిని తీసుకెళ్ళండి."